తేనె పేరుకున్నా, పులిసినా, పని చేయకపోయినా: కారణాలు, పరిష్కారాలు

శేషాచలం అడవుల్లో యానాదులు దించే కొండతేనె గాని, తలకోన వెళ్లే దారిలో సీసాలకు పోసి అమ్మే తేనె గాని, అంగడిలో దొరికే కంపెనీ తేనె గాని, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఏదో ఒకటి లేని ఇల్లు తక్కువ. తిరుచానూరు అమ్మవారి స్నపన తిరుమంజనంలో పాలు, పెరుగు, కొబ్బరినీళ్లతో పాటు తేనెను కూడా చూస్తూ పెరిగినవాళ్లం కనుక మనకు దాని మీద గౌరవం మెండు. అయితే దాన్ని ఎలా నిల్వ చేయాలి, ఏ బాధకు ఎంత మేర పనికొస్తుంది అన్న విషయాల్లో మాత్రం చాలా ఇళ్లలో తడబాటు కనిపిస్తుంది. కొన్నేళ్లుగా ఇరుగుపొరుగువారు, బంధువులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను. వీటిలో ఎక్కువ భాగానికి మూలం వేడి, చెమ్మ, కొలత తప్పడం, ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

సీసా అడుగున చక్కెరలా పేరుకుంది

అందరికంటే ముందు వచ్చే ఫిర్యాదు ఇదే. కిందటి మార్గశిరంలో పక్కింటి పిన్నిగారు ఒక సీసా తెచ్చి, "చక్కెర పానకం అంటగట్టారు, చూడు నాయనా" అన్నారు. సీసాను పక్కకు వంచితే పైన రెండు వేళ్ల మేర తేనె కదిలింది గాని, కింద లేత పసుపు గడ్డ కదలలేదు. చెంచా కొనతో కొంచెం గీకి వేళ్ల మధ్య నలిపితే సన్నని రవ్వలా తగిలింది, నాలుక మీద వేసుకోగానే కరిగిపోయింది. ఆ సీసా ఆమె ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఉండేదని అడిగితే తెలిసింది.

తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్, 17 శాతం నీరు ఉంటాయి. అంత కొద్ది నీటిలో అంత గ్లూకోజ్ ఎక్కువ కాలం కరిగి ఉండలేదు కనుక, చల్లదనం తగలగానే అది నెయ్యి పేరుకున్నట్లే పేరుకుంటుంది. 10 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో ఈ పని అన్నిటికంటే త్వరగా జరుగుతుంది. తిరుపతిలో గది వేడి అంత కిందికి దిగడం అరుదు కాబట్టి, మన ఊళ్లో తేనె పేరుకుందంటే ముందు అనుమానించవలసింది ఫ్రిజ్‌నే. పుప్పొడి రేణువులు, మైనపు నలుసులు ఉంటే వాటిని పట్టుకుని గడ్డ మరింత త్వరగా పెరుగుతుంది. అందుకే గుడ్డలో వడగట్టిన అడవితేనె ముందుగా పేరుకుంటుంది, కాచి సన్నగా వడపోసిన అంగడితేనె నెలల తరబడి తేటగా నిలుస్తుంది. తేటగా ఉన్నంత మాత్రాన మంచిదని గాని, పేరుకున్నంత మాత్రాన కల్తీదని గాని తేల్చడం పొరపాటు.

దీన్ని కరిగించాలంటే వెడల్పాటి గిన్నెలో చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు, అంటే సుమారు 40 డిగ్రీలవి పోసి, అడుగున మడతపెట్టిన గుడ్డ వేసి, మూత వదులు చేసిన సీసాను తేనె మట్టం వరకు మునిగేలా నిలబెట్టాలి. నీళ్లు చల్లారినప్పుడల్లా మారుస్తూ, మధ్య మధ్య పొడి చెంచాతో కలుపుతూ ఉంటే అరకిలో సీసా ఒకటి రెండు గంటల్లో తేటపడుతుంది. పొయ్యి మీద నేరుగా పెట్టడం, మైక్రోవేవ్‌లో తిప్పడం వద్దు. అలా చేస్తే గడ్డ కరుగుతుంది గాని పరిమళమూ, తేనెటీగ చేర్చిన ఎంజైములూ దెబ్బతింటాయి. అసలు కరిగించడం అవసరమే కాదు కూడా. పేరుకున్న తేనెను రాగి రొట్టె మీద పూసుకుని తింటే కారిపోకుండా చక్కగా నిలుస్తుంది.

నురగ కట్టింది, పుల్లటి వాసన వస్తోంది, మూత తీస్తే బుస్సుమంది

ఈ సందర్భంలో తేనె నిజంగానే చెడింది. తేనెటీగలు మకరందాన్ని రెక్కలతో విసిరి విసిరి, నీరు తగినంత తగ్గాకనే తేనెపట్టులోని గదికి మైనపు మూత వేస్తాయి. పట్టు దించేవారు తొందరపడి మూత పడని గదులను కూడా కలిపి పిండితే ఆ తేనెలో నీరు ఎక్కువగా ఉంటుంది. కొండకొమ్మున పెద్ద పట్లు పెట్టే ఈగల తేనె సహజంగానే కొంత పలుచన. నీరు 20 శాతం దాటిందంటే తేనెలో నిద్రాణంగా ఉన్న ఈస్ట్ మేలుకుని పులియబెడుతుంది, మన దేశపు ఆహార ప్రమాణాలు తేనెలో తేమకు 20 శాతం హద్దు పెట్టడానికి కారణం కూడా అదే. దీనికి తోడు తేనె గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురులో మూత సరిగా బిగించని సీసా, తడి చెంచా పెట్టిన సీసా ఇట్టే పాడవుతాయి.

పులిసిన తేనెను మళ్లీ మంచి తేనెగా మార్చే ఉపాయం ఇంట్లో లేదు. లోపల గ్యాసు చేరుతుంది కనుక గాజు సీసా మూతను గట్టిగా బిగించి ఉంచకూడదు, తీసేటప్పుడు గుడ్డ కప్పి మెల్లగా తిప్పాలి. పులుపు కొద్దిగానే ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి పులుసుల్లోనూ, ఊరగాయల్లోనూ త్వరగా ఖర్చు చేయవచ్చు గాని, మందుకు, పిల్లలకు, గాయాలకు వాడకూడదు. వాసన ఘాటుగా ఉంటే పారబోయడమే మేలు. ఇకపై కొనేటప్పుడు, తేనె దించేవారు మీ ఎదుటే పట్టు చూపితే, మైనపు మూత పడిన భాగాన్ని మాత్రమే వేరుగా పిండి ఇమ్మని అడగండి. నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినా, కొండచరియ మీద తాడు పట్టుకుని వేలాడి తెచ్చిన ఆ తేనె విషయంలో బేరమాడడం నాకు న్యాయంగా తోచదు.

నీటిలో వేస్తే మునిగింది, అయినా అనుమానం తీరలేదు

తీరకపోవడమే సరి. గ్లాసు నీటిలో చుక్క వేయడం, వత్తిని తేనెలో ముంచి వెలిగించడం, కాగితం మీద చుక్క పీలుస్తుందేమో చూడడం, ఇవన్నీ తేనెలో నీరు ఎంత ఉందో సుమారుగా చెబుతాయి గాని తీపి ఎక్కడిదో చెప్పవు. చిక్కగా కాచిన చక్కెర పానకం కూడా గ్లాసు అడుగుకు చేరుతుంది, దానితో తడిసిన వత్తి కూడా మండుతుంది. మరోవైపు, అచ్చమైన కొండతేనె పలుచగా ఉండి ఈ పరీక్షల్లో ఓడిపోతే, దాన్ని తెచ్చిన మనిషికి అన్యాయంగా చెడ్డపేరు వస్తుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేసినప్పుడు, మామూలు ప్రయోగశాల పరీక్షలను కూడా తప్పించుకునేలా తయారైన పానకాలు అందులో కలుస్తున్నాయని బయటపడింది. యంత్రాల కళ్లు కప్పగలిగిన పానకాన్ని గ్లాసుడు నీళ్లు పట్టిస్తాయని ఎలా నమ్మగలం?

కాబట్టి చేయగలిగినది కొనే చోటును ఎంచుకోవడమే. సీసా మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, నింపిన తేదీ ఉన్నాయో లేదో చూడాలి. నమ్మకమైన పెంపకందారుల నుంచి, గిరిజన సహకార సంస్థ అంగళ్ల నుంచి తీసుకోవడం ఒక దారి. ఏ కాలంలో ఏ పూత ఉంటుందో తెలిసి ఉండడం కూడా ఉపయోగపడుతుంది. మన దగ్గర మామిడి పూత సంక్రాంతి ప్రాంతంలో మొదలవుతుంది, వేప, కానుగ వేసవిలో పూస్తాయి. ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే రుచి ఉన్న "అడవితేనె" అమ్ముతున్నారంటే అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయన్నమాట.

రంగు మారిందని వచ్చేవారికి ఇక్కడే చెప్పేస్తాను. తెచ్చిన రోజు నుంచీ ముదురుగా, కొంచెం వగరుగా ఉంటే అది పూవు గుణం. తెచ్చినప్పుడు తేనెరంగులో ఉండి ఎండాకాలం తర్వాత నల్లబడితే అది వేడి చేసిన పని. పొయ్యి పైన ఉన్న అరలోంచి సీసాను తీసి చీకటిగా, పొడిగా ఉండే మూలకు మార్చండి.

దగ్గుకు వాడితే గుణం కనిపించలేదు

ఎలా వాడారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, మరుగుతున్న కషాయంలో చెంచాడు తేనె కలిపి తాగామని. తేనె గొంతు లోపలి పొరను పూతలా అంటుకుని, గరగరను, ఆ గరగర వల్ల వచ్చే దగ్గును శాంతింపజేస్తుంది. లోటాడు నీళ్లలో కలిస్తే ఆ పూత నిలిచేది ఎక్కడ? మా అవ్వ మిరియాల పొడి, శొంఠిపొడి చిటికెడు చొప్పున అరచేతిలో వేసి, నాలుగు చుక్కల తేనెతో వేలితో రంగరించి, నెమ్మదిగా నాకమనేది. నాకిన తర్వాత నీళ్లు అడిగితే "కాసేపు ఆగు" అనేది. ఆ ఆగడంలోనే కిటుకు ఉందని చాలా ఏళ్లకు నాకు అర్థమైంది.

ఆయుర్వేదం తేనెను యోగవాహి అంటుంది, అంటే తాను కలిసిన మందు గుణాన్ని మోసుకుపోయేది అని. సితోపలాది, తాలీసాది చూర్ణాలకు తేనెను అనుపానంగా, అంటే మందుతో పాటు తీసుకునేదిగా చెప్పడం ఈ భావనతోనే. ఆధునిక పరిశీలన కూడా దగ్గు విషయంలో తేనెకు అనుకూలంగానే ఉంది. 2007లో పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో పడుకునే ముందు ఒక మోతాదు తేనె తీసుకున్నవారికి, ఏ మందూ తీసుకోనివారికంటే రాత్రి దగ్గు బాగా తగ్గింది. ఏడాది నిండిన పిల్లలకు అయిదేళ్ల వరకు అర టీ చెంచా, పదకొండేళ్ల వరకు ఒక టీ చెంచా, ఆపైన రెండు టీ చెంచాలు చాలు. కషాయంలోనే కావాలంటే గోరువెచ్చగా చల్లారాక కలపాలి. తేనెను వేడి చేయరాదని చరక సంహిత గట్టిగా చెబుతుంది. వేడికి తేనెలో ఏర్పడే హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం కాఫీలోనూ, కాల్చిన రొట్టెలోనూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి వేడి టీలో కలిపి తాగినవారు విషం తాగామని భయపడనక్కరలేదు. అయినా పాతవారి జాగ్రత్తను పాటిస్తే పోయేదేమీ లేదు, తేనె పరిమళం దక్కుతుంది.

ఇంత సరిగా వాడినా దగ్గు రెండు వారాలు దాటితే, లేదా జ్వరం, ఆయాసం, పిల్లికూతలు, తెమడలో రక్తం కనిపిస్తే తేనెను పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాల దగ్గుకు క్షయ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు.

పుట్టిన బిడ్డకు తేనె నాకించాము, ఇప్పుడు బిడ్డ నీరసంగా ఉంది

ఈ ఒక్క చోట ఆలస్యం తగదు. పురిట్లో బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ప్రాంతంలో పెద్దలు ప్రేమతో చేసే పని, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే తేనెలో క్లాస్ట్రీడియం బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దల పేగుల్లో ఇవి మొలకెత్తవు, ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి నరాలను స్తంభింపజేసే విషాన్ని విడుదల చేయగలవు. కాచినా, వడగట్టినా ఆ బీజాలు చావవు. మలబద్ధకం, పాలు సరిగా పీల్చలేకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, రెప్పలు వాలిపోవడం, మెడ నిలపలేకపోవడం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే 108కు ఫోన్ చేసి, పిల్లల వైద్యునికి తేనె నాకించిన సంగతి దాచకుండా చెప్పాలి. ఏ లక్షణమూ లేకపోతే కంగారు పడక, కొన్ని వారాల పాటు బిడ్డను గమనిస్తూ ఉంటే సరిపోతుంది. ఇక ముందు మాత్రం మొదటి పుట్టినరోజు దాటే వరకు ఒక్క చుక్క కూడా వద్దు. ఆచారం జరగాలని పట్టుబట్టే పెద్దలతో, తేనె గిన్నెను బిడ్డ పాదాలకు తాకించి పక్కన పెట్టమని మా ఇంట్లో చెప్పాము, వాళ్లు సంతోషంగానే ఒప్పుకున్నారు.

గాయానికి రాస్తే మానలేదు, పైగా చీము పట్టింది

తేనె గాయాలను మాన్పుతుందన్న మాట నిజమే. దాని పుల్లదనం, గాయంలోని నీటిని లాగే గుణం, తడి తగిలినప్పుడు కొద్దికొద్దిగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఈ మూడూ కలిసి సూక్ష్మజీవులను అణచివేస్తాయి. ఓ మోస్తరు కాలిన గాయాలు తేనె కట్టుతో కొన్ని రోజులు ముందుగా మానుతున్నట్లు అధ్యయనాలు చూపాయి. అయితే ఆసుపత్రుల్లో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్యపు తేనె. మన సీసాలోని తేనెలో పుప్పొడి, మైనం, ఈగల కాళ్లు, బీజాలు ఉంటాయి. కాబట్టి చర్మం పైపైన గీసుకుపోయిన చోట, సబ్బునీటితో కడిగాక పలుచగా రాయడం వరకే ఇంటి వైద్యం. చేయి కాలినప్పుడు ముందు 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలి, తేనె మాట తర్వాత. లోతైన గాయానికి, కుక్క కాటుకు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారి కాలి పుండుకు ఇంట్లోని తేనె రాసుకుని రోజులు గడపడం కాలినే పోగొట్టవచ్చు. చీము కనబడిన రోజే వైద్యునికి చూపాలి.

తేనె నీళ్లు తాగుతున్నా బరువు తగ్గలేదు, షుగర్ పెరిగింది

చక్కెర మానేసి తేనె మొదలుపెట్టినవారి ఫిర్యాదు ఇది. 100 గ్రాముల తేనెలో సుమారు 304 కేలరీలు, 82 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి, ఆ పిండిపదార్థం దాదాపు అంతా చక్కెరలే. తేనె బరువైనది కనుక టీ చెంచాకు 7 గ్రాములు తూగి 21 కేలరీలు ఇస్తుంది, అదే చెంచాడు చక్కెర 4 గ్రాములు తూగి 16 కేలరీలు ఇస్తుంది. తీపి ఎక్కువ కాబట్టి తక్కువ వేసుకుంటేనే లాభం, చెంచాకు చెంచా మారిస్తే నష్టమే. రక్తం పడుతుందని తాగేవారు కూడా ఒక లెక్క చూడాలి. 100 గ్రాముల తేనెలో ఇనుము 0.4 మిల్లీగ్రాములే, ఒక స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఇనుము కోసం రాగులు, ఆకుకూరలు, మాంసం చూసుకోవాలి గాని తేనెను కాదు.

మధుమేహం ఉన్నవారికి తేనె చక్కెరకు బదులు కాదు. రక్తంలో చక్కెరను పెంచే వేగంలో రెండింటికీ తేడా స్వల్పం. వాడి చూడాలనుకుంటే, వైద్యుని అనుమతితో, రోజు మొత్తంలో తినే తీపి లెక్కలో దాన్ని కూడా కలిపి, తిన్న రెండు గంటలకు పరీక్ష చేసుకుని చూడాలి. ఆయుర్వేద చూర్ణాన్ని తేనెతో తీసుకోమన్నప్పుడు మీకు మధుమేహం ఉందని ముందే చెబితే, ఆ వైద్యుడే గోరువెచ్చని నీళ్లో, మజ్జిగో అనుపానంగా మార్చి రాస్తాడు.