బీగిల్ నోట్లో పుండు మానట్లేదా? కేటలేజ్ లోపాన్ని ఎలా పట్టాలి, ఏం చేయాలి?

కుక్క చిగుళ్ళ మీద పుండు కనబడితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి అద్దేవాళ్ళున్నారు. మీది బీగిల్ అయితే ముందు ఆ సీసా పక్కన పెట్టండి.

కొన్ని బీగిళ్ళకు వంశపారంపర్యంగా కేటలేజ్ అనే ఎంజైమ్ దాదాపు ఉండదు. పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేది అదే. నోట్లోని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా తనంతట తనే పెరాక్సైడ్ తయారుచేస్తుంది. విడగొట్టే ఎంజైమ్ లేకపోవడంతో ఆ పెరాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను పాడుచేస్తే, ఆక్సిజన్ అందక చిగురు కుళ్ళుతుంది. మనుషుల్లో దీన్ని జపాన్ వైద్యుడు టకహారా 1940లలో గుర్తించాడు: పుండు మీద పెరాక్సైడ్ పోస్తే నురగ రాలేదు, రక్తం నల్లబడింది.

1. వారానికోసారి పగటి వెలుతురులో పెదవి ఎత్తి దవడ పళ్ళ దాకా చూడండి. గార పట్టి చిగుళ్ళు వాయడం ఏ కుక్కకైనా ఉండేదే. గార పెద్దగా లేకుండానే చిగురు అంచు బూడిదరంగుకో నలుపుకో తిరిగి, పన్ను కదులుతుంటే అనుమానించాలి.

2. పశువైద్యుడికి చూపించండి. విజయనగరం జిల్లాలో గరివిడి పశువైద్య కళాశాల ఉంది. శ్రీకాకుళం వాళ్ళకీ మరీ దూరం కాదు. తీసిన రక్తపు బొట్టులో 3 శాతం పెరాక్సైడ్ చుక్క వేస్తే మామూలు రక్తం బుసబుసా పొంగుతుంది. లోపమున్నది పొంగకుండా గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది సూచన మాత్రమే, ఎర్రకణాల్లో కేటలేజ్‌ను కొలిస్తేనే ఖాయం. ఈ పరీక్ష పుండు మీద మాత్రం చేయకూడదు.

3. రోజూ మెత్తటి బ్రష్‌తో, కుక్కల పేస్టుతో పళ్ళు తోమండి. పుండున్న చోట బ్రష్ పెట్టకండి. డాక్టరు చెప్తే క్రిములను చంపే 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో తడిపిన గాజుగుడ్డతో అద్దండి. మనుషుల మౌత్‌వాష్ వద్దు, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్కకు విషం.

4. ఎముకలు, ఎండు చేపల ముళ్ళు ఆపండి. చిన్న గాటు చాలు, బ్యాక్టీరియా లోపలికి దిగడానికి. మెత్తగా ఉడికించి ముళ్ళు తీసిన చేప, అన్నం, చల్లారిన చోడి అంబలి పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు.

5. కుళ్ళిన భాగం తీయడం, కదిలే పన్ను పీకడం, యాంటీబయాటిక్ ఇవ్వడం డాక్టరు పని. లోపం జీవితాంతం ఉండేదే కాబట్టి కేసు షీటు మీద రాయించండి. కుక్క ఏ విషమో తింటే వాంతి చేయించడానికి పెరాక్సైడ్ తాగించే అలవాటు కొందరికి ఉంది, అదీ దీనికి పనికిరాదు.

6. ఈ కుక్కను సంతానోత్పత్తికి వాడకండి. పైకి ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువును మోస్తుంటే ప్రతి పిల్లకూ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అదే ఈతలో పుట్టిన పిల్లలు ఎవరింట ఉన్నాయో కనుక్కుని వాళ్ళకీ చెప్పండి.