కట్టెలు కొనేటప్పుడు తూకం, కొలత తగ్గకుండా చూసుకోవడం ఎలా

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంటి వంటకు గ్యాస్ వచ్చి చాలా కాలమైనా కట్టెల బేరం మాత్రం ఆగలేదు. పెండ్లి వంటలకు, దాబాలకు, ఇటుక బట్టీలకు, దురాజ్‌పల్లి పెద్దగట్టు, కురుమూర్తి వంటి జాతరల్లో పెట్టుకునే పొయ్యిలకు, చివరకు దహన సంస్కారాలకు కూడా కట్టెలు కొనక తప్పదు. కొనేవారు ఏడాదికో రెండేండ్లకో ఒకసారి, అదీ తొందరలో కొంటారు. అమ్మేవారు రోజూ అమ్ముతారు. ఈ తేడా వల్ల మోసం లేని బేరంలో కూడా నష్టం ఎక్కువగా కొనేవారి వైపే పడుతుంది. కాంటా సరిగా ఉంటే సరుకు సరిగా వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు గానీ, కట్టెల విషయంలో అది సగం నిజమే. తూకానికి కొంటే కట్టెతో పాటు నీళ్లు కొంటాము, లోడు లెక్కన కొంటే కట్టెతో పాటు సందులు కొంటాము. అందువల్ల ఎండు కట్టెను తూకానికి, పచ్చి కట్టెను పేర్చి కొలతకు కొనడం మంచిదని నా అభిప్రాయం.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు నలభై నుంచి యాభై శాతం నీరే ఉంటుంది. బాగా ఎండిన కట్టెలో అది పదిహేను, ఇరవై శాతానికి దిగుతుంది. నలభై శాతం తేమ ఉన్న కట్టెను ఒక క్వింటాలు కొన్నామంటే అందులో అసలు కట్టె 60 కిలోలు. అదే కట్టె పదిహేను శాతం తేమకు ఎండేసరికి మన దగ్గర మిగిలేది సుమారు 70 కిలోలు. అంటే కాంటా ఒక్క గ్రాము కూడా తప్పు చూపకపోయినా 30 కిలోలకు మనం ఇచ్చిన డబ్బు ఆవిరైపోయినట్టే. ఎండేటప్పుడు కట్టె పరిమాణం మాత్రం పదో వంతు కూడా తగ్గదు కాబట్టి, పచ్చి కట్టెను పేర్చి కొలిస్తే ఈ నష్టం ఉండదు.

ధర అడిగేటప్పుడు కూడా ఈ లెక్కే వేసుకోవాలి. ఒకరు నలభై శాతం తేమ ఉన్న కట్టెను క్వింటాలు 500 రూపాయలకు, మరొకరు ఇరవై శాతం తేమ ఉన్న కట్టెను 650 రూపాయలకు ఇస్తామన్నారని అనుకుందాం. మొదటిదాంట్లో అసలు కట్టె 60 కిలోలు కాబట్టి కిలోకు 8 రూపాయల 33 పైసలు పడుతుంది. రెండోదాంట్లో 80 కిలోలు కాబట్టి 8 రూపాయల 13 పైసలే పడుతుంది. చవక అనిపించిన కట్టే ఖరీదైనది. పైగా ఆ పచ్చి కట్టె పొయ్యిలో తన నీటిని ఆవిరి చేసుకోవడానికే కొంత వేడిని ఖర్చు చేస్తుంది, పొగ చిమ్ముతుంది, వంట ఆలస్యం చేస్తుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి లోడు పైన కనిపించే కట్టెలను చూసి నిర్ణయించకూడదు, ఎందుకంటే ఎండినవి పైకి, పచ్చివి అడుగుకు చేరడం ఈ వ్యాపారంలో తరచుగా జరిగేదే. మధ్య నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి లాగించి, గొడ్డలితో నిలువుగా చీల్పించి లోపలి ముఖాన్ని చేత్తో తాకి చూడాలి. చల్లగా, చెమ్మగా తగిలితే పచ్చి. ఎండిన కట్టె చివర్లలో నెర్రెలు విచ్చి ఉంటాయి, బెరడు సులభంగా ఊడుతుంది, రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొడితే గట్టిగా మోగుతాయి. పచ్చివి మొద్దు శబ్దం చేస్తాయి. హాస్టలుకో హోటలుకో నెలనెలా కొనేవారు తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనిపెట్టుకోవడం మేలు. దాని సూదులను కట్టె చివర కాకుండా, అప్పుడే చీల్చిన లోపలి ముఖంలో గుచ్చాలి, ఎందుకంటే చివర్లు ముందే ఎండిపోయి తక్కువ అంకె చూపుతాయి. మీటరు లేనివారు నాలుగైదు చీలికలను వంటింటి కాంటా మీద తూచి, ఎండలో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా రోజూ తూస్తూ పోతే ఆ కట్టెలో ఎండితే పోయే నీరు ఎంత ఉండిందో సుమారుగా తేలుతుంది. ఎక్కువ మొత్తంలో కొనబోయేవారు ముందుగా పది కిలోలు తెచ్చుకుని ఇలా పరీక్షించవచ్చు.

తేమతో పాటు చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. వేర్ల మొద్దులకు అంటుకున్న మట్టి, చెదలు తిన్న కట్టె, పిడికెడు మందమైనా లేని కంప, వీటన్నిటికీ కట్టె ధరే పడుతుంది. వీటిని ముందే పక్కన పెట్టించాలి, లేదా ఎంత తరుగు తీస్తారో కాంటా ఎక్కకముందే మాట్లాడుకోవాలి. తూకం అయ్యాక తరుగు గురించి మాట్లాడితే అది జగడమే అవుతుంది.

ఇక తూకం విషయానికి వస్తే, ట్రాక్టరు లోడును వేబ్రిడ్జి మీద తూచడంలో ఎక్కువ నష్టం జరిగేది నిండు బండి దగ్గర కాదు, ఖాళీ బండి దగ్గర. సాధారణంగా నిండు బండిని మన ఎదుటే తూచి, ఇంటి దగ్గర కట్టెలు దింపి, తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీ బండిని తూస్తారు. ఆ రెండోసారి కొనేవారు ఎవరూ వెంట వెళ్లరు. ఖాళీ తూకంలో తగ్గిన ప్రతి కిలో కట్టెల ఖాతాలో చేరుతుంది. నిండు బండి మీద కూర్చున్న నలుగురు హమాలీలు ఖాళీ బండితో లేకపోతే, మనిషికి 60 కిలోల చొప్పున చూసినా రెండు క్వింటాళ్లకు పైగా కట్టెలు తగ్గిపోయినట్టే. నీళ్ల డ్రమ్ము, స్టెప్నీ టైరు, గొలుసులు, జాకీ వంటివి మొదటిసారి ఉండి రెండోసారి లేకపోయినా అంతే. ఖాళీ తూకంలో ట్రాక్టరు ముందు చక్రాలు ప్లాట్‌ఫారం బయట నిలిచినా అంతే. కాబట్టి రెండు తూకాలకూ మన మనిషి ఒకరు తప్పక ఉండాలి; డ్రైవరు దిగితే రెండుసార్లూ దిగాలి, కూర్చుంటే రెండుసార్లూ కూర్చోవాలి; ట్రాక్టరుతో కలిపి తూచితే రెండుసార్లూ కలిపే తూచాలి. ఖాళీ బండి బరువు మాకు తెలుసు, పాత చీటీ ఉంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. తేదీ, సమయం, బండి నంబరు ఉన్న రెండు కాంటా చీటీలూ మన చేతికి వచ్చాకే లెక్క మొదలుపెట్టాలి.

బండి ఎక్కకముందు తెర మీద సున్నా కనిపించాలి. వేబ్రిడ్జి అంకె కిలో కిలోగా మారదు. ఐదు, పది కిలోల మెట్లుగా మారుతుంది. అందుచేత ఒకటి రెండు క్వింటాళ్ల కట్టెలను అక్కడ తూపించడంలో అర్థం లేదు, వాటికి డిపోలోని చిన్న కాంటాయే సరైనది.

కట్టెల డిపోలో ప్లాట్‌ఫారం కాంటా ఉంటే, అంకెలు కొనేవారికి కనిపించేలా తిప్పి పెట్టమని అడగాలి. కాంటా చదునైన నేల మీద ఉందో లేదో, కట్టెలు వేసే మనిషి కాలు ప్లాట్‌ఫారం అంచుకు తగులుతోందో లేదో చూడాలి. అనుమానం వస్తే దగ్గరి దుకాణంలోని విప్పని 50 కిలోల సిమెంటు బస్తాను దాని మీద పెట్టించి చూడవచ్చు. కట్టెలను అనేక విడతలుగా తూస్తారు కాబట్టి ప్రతి విడత బరువునూ మనమే కాగితం మీద రాసుకోవాలి. హడావిడిలో ఒక విడతను రెండుసార్లు కలపడం కావాలని చేసినా, పొరపాటున జరిగినా, నష్టం ఒకటే. వేలాడే త్రాసు అయితే ఖాళీ తట్టలు సమంగా నిలిచాయో లేదో ముందు చూసి, ఒకసారి తూచాక కట్టెలనూ గుండ్లనూ తట్టలు మార్చి మళ్లీ తూపిస్తే త్రాసులోని లోపం బయటపడుతుంది. రాళ్లను గుండ్లుగా వాడేచోట కొనకపోవడమే మంచిది.

తూనికలు కొలతల శాఖ ముద్ర గురించి కూడా తెలిసి ఉండాలి. 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం ఎలక్ట్రానిక్ కాంటాలను, వేబ్రిడ్జిలను ఏడాదికి ఒకసారి, ఇనుప గుండ్లను, త్రాసులను రెండేండ్లకు ఒకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ఇనుప గుండు అడుగున సీసం మీద ఆ ముద్ర ఉంటుంది. తనిఖీ పత్రాన్ని దుకాణంలో అందరికీ కనిపించేచోట పెట్టాలి, కాబట్టి దాన్ని చూపమని అడగడంలో మొహమాటం అవసరం లేదు.

పచ్చి కట్టెను, లేదా కాంటా దగ్గరలో లేని ఊళ్లో ట్రాలీ లెక్కన అమ్మే కట్టెను కొలతకు కొనేటప్పుడు, బేరం 'లోడు' మీద కాకుండా పేర్చిన ఘన మీటరు మీద జరగాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేర్చితే ఒక ఘన మీటరు, అంటే సుమారు 35 ఘనపుటడుగులు. ట్రాలీలోకి ఇష్టం వచ్చినట్టు విసిరిన కట్టెలను దింపి పేర్చితే దాదాపు మూడింట రెండు వంతులకు దిగుతాయి. ఉదాహరణకు పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న ట్రాలీ డబ్బాలో 120 ఘనపుటడుగుల చోటు ఉంటుంది. విసిరి నింపితే పేర్చిన లెక్కన అందులో 80 ఘనపుటడుగులే వస్తాయి. అడుగున కొమ్మలను అడ్డదిడ్డంగా వేసి పైన మాత్రం చక్కగా సర్దితే ఇంకా తగ్గుతుంది.

నేల మీద పేర్చినప్పుడు మూడు సంగతులు గమనించాలి. ఎత్తును ఒకచోట కాకుండా రెండు చివర్లలోను, మధ్యలోను కొలిచి సగటు తీయాలి. లోతు అంటే కట్టె ముక్క పొడవే కాబట్టి దాన్ని తప్పక కొలవాలి, ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు ఉన్న వరుస ఎంతో పెద్దదిగా కనిపించినా, ముక్కలు అడుగున్నరవే అయితే అది 48 ఘనపుటడుగులే. మూడోది, ఒక వరుసను నిలువుగా, మరో వరుసను అడ్డంగా గూడులా పేర్చితే అందులో గాలి ఎక్కువ ఉంటుంది. ఆ పద్ధతి ఎండబెట్టడానికి మంచిదే గానీ, కొలవడానికి పనికిరాదు. ముక్కలన్నీ ఒకే దిక్కుగా, దగ్గర దగ్గరగా ఉండాలి.

చెట్టు జాతి కూడా కొలతను మారుస్తుంది. నీలగిరి, సుబాబుల్ వంటి తిన్నని కట్టెలు పేర్చితే ఘన మీటరులో మూడింట రెండు వంతుల దాకా కట్టే ఉంటుంది; మన దగ్గర ఎక్కువగా దొరికే సర్కారు తుమ్మ వంకర టింకరగా ఉంటుంది కాబట్టి సగం వచ్చినా గొప్పే. అయితే సర్కారు తుమ్మ బరువైన, బాగా మండే కట్టె కనుక ఎండినదాన్ని తూకానికి కొంటే ఈ వంకరతో మనకు పని లేదు.

వీలైతే ఎండలు ముదిరిన మార్చి, మే నెలల మధ్య కొని పెట్టుకోవాలి. వానకాలంలో తప్పనిసరై కొంటే తడిసిన కట్టెను తూకానికి అస్సలు కొనకూడదు.

దహన సంస్కారానికి కట్టెలు కొనేచోట ఎవరూ కాంటా వైపు చూడరు, బేరమాడరు. అమ్మేవారికి కూడా ఆ సంగతి తెలుసు. ఆ భారం దుఃఖంలో ఉన్న కుటుంబం మీద పడకుండా, పాలివారో పక్కింటివారో ఒకరు వెళ్లి తూకం దగ్గర నిలబడి, చీటీ తీసుకుని రావడం ఆ కుటుంబానికి చేయగలిగిన నిజమైన సాయం.

బేరం కుదిరినప్పుడే ధర క్వింటాలుకా, ఘన మీటరుకా, కోత కూలి, దింపుడు కూలి, కిరాయి అందులో కలిసి ఉన్నాయా అన్నది తేల్చుకుని, డబ్బులో కొంత భాగాన్ని కట్టెలు దించి సరిచూసుకునేదాకా ఆపుకోవాలి. తేడా తేలితే కట్టెలను కదపకుండా ఫోటోలు తీసి, ముందు అమ్మినవారికే చూపాలి. వారు సరిచేయకపోతే జిల్లాలోని తూనికలు కొలతల శాఖ అధికారికి గానీ, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. రెండు కాంటా చీటీలు, రసీదు, విడతల వారీగా రాసుకున్న కాగితం ఆ ఫిర్యాదుకు ఆధారాలవుతాయి కాబట్టి, కట్టెలు వాడటం మొదలుపెట్టాక కూడా వాటిని కొంతకాలం దాచి ఉంచుకోవాలి.