సరిహద్దు దాటి వచ్చినవారికి: ఒంటి బరువు సంగతి

ఉద్యోగరీత్యా శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచో, అంతకన్నా దూరం నుంచో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లకు మారేవారికి అద్దె ఇల్లు, పిల్లల బడి, గ్యాస్ కనెక్షన్ గురించి చెప్పేవారు చాలామందే దొరుకుతారు. ఒంటి బరువు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నేను బరంపురం వచ్చిన మొదటి పదకొండు నెలల్లో ఏడు కిలోలు పెరిగాను. వాటిని దించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఇక్కడి నీరు పడలేదనీ, అన్నం ఎక్కువైందనీ మొదట్లో అనుకున్నాను. రెండు వారాలపాటు తిన్నదంతా కాగితం మీద రాసుకుంటే అసలు సంగతి బయటపడింది. మన ఇంటి తిండిలో ఏదీ మానకుండానే ఈ ఊరి తిండిని దాని మీద చేర్చుకున్నాను.

ఉదయం ఇంట్లో రెండు దోసెలు తిని బయలుదేరేవాణ్ణి. పదిన్నరకు ఆఫీసులో తోటివారు లేస్తే, కాదనలేక వారితోపాటు బండి దగ్గరకు వెళ్లి బరా, ఘుగుని (బఠాణీ కూర) తినేవాణ్ణి. బరా అంటే మన గారెకు తోబుట్టువే. ఒకరోజు దాన్ని తుంచి పొట్లం కట్టిన కాగితం మీద పెట్టి, టీ తాగి వచ్చేసరికి కాగితం అవతలి అక్షరాలు ఇవతలికి కనబడుతున్నాయి. గ్రాము నూనెలో 9 క్యాలరీలు ఉంటాయి కనుక, చిన్న చెంచాడు నూనె కడుపులోకి వెళ్తే 45 క్యాలరీలు వెళ్లినట్టే. ఆనాటి నుంచి బరా మానలేదు గాని, బరా తినే రోజున ఇంట్లో దోసె తినడం మానేశాను. కొత్తగా వచ్చినవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఇక్కడి వంటకం ఏది పళ్లెంలోకి వచ్చినా, దానికి బదులుగా మన వంటకం ఒకటి పక్కకు తప్పుకోవాలి.

ఎంత వేగంగా తగ్గాలన్నది తరవాతి ప్రశ్న. వారానికి అర కిలో తగ్గితే చాలు, కిలో దాటకూడదు. ఇందుకు రోజుకు సుమారు 500 క్యాలరీల లోటు సరిపోతుంది, అందులో కొంత తిండి తగ్గించి, కొంత నడిచి తెచ్చుకోవచ్చు. పస్తులుండి నెలకు పది కిలోలు దించినవారికి కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ పెరుగుతుంది. మనవంటి ఆసియావాసులకు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత, 23 దాటగానే అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. బరువు యంత్రం లేనివారికి దర్జీ టేపు ఉన్నా పని జరుగుతుంది.

ఇక పఖాళ. ఇది మన చద్దన్నమే. వేసవి మధ్యాహ్నాల్లో ఇంతకు మించిన భోజనం లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని నీళ్లు పోసినంత మాత్రాన అందులోని బియ్యం తగ్గదు. నమలకుండానే గొంతు దిగుతుంది కనుక, పొడి అన్నంగా తినేదానికంటే ఎక్కువే తింటాం. తిన్నాక కునుకు రాకపోతే అది పఖాళే కాదని ఇక్కడివారి హాస్యం. అందుకని వండకముందే బియ్యాన్ని కొలవడం అలవాటు చేసుకోవాలి. పూటకు మనిషికి 60 నుంచి 75 గ్రాముల బియ్యం, అంటే దాదాపు 210 నుంచి 260 క్యాలరీలు, తగ్గదలచినవారిలో చాలామందికి సరిపోతుంది. పఖాళ పక్కన వేయించిన చేప, వడియాల పొడి అయిన బడి చూరా, అప్పడం మూడూ చేరితే లెక్క తప్పుతుంది. కాల్చిన వంకాయతో చేసే బైగణ పోడా, ఏదో ఒక ఆకుకూర, కాస్త పెరుగు పెట్టుకుంటే అదే పఖాళ మంచి భోజనమవుతుంది. ఉప్పు మాత్రం రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదన్నది గుర్తుంచుకోవాలి, ఎండుచేప తినే ఇళ్లలో మరీను.

ఈ రాష్ట్రం మనకిచ్చే మేలైన కానుక దాల్మా. పప్పులో గుమ్మడి, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ, ములక్కాడ వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. నెయ్యి పోపు ఒక చెంచాకు మించకపోతే అంతకన్నా కడుపు నింపే కూర లేదు. పళ్లెంలో సగం కూరగాయలే ఉండాలన్న నియమం దీనితో తేలికగా నెరవేరుతుంది. మాంసకృత్తులు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. అది దాల్మా ఒక్కదానితో తీరదు కనుక గుడ్డు, చేప, పెరుగు, ఉలవలు కూడా చేర్చుకోవాలి.

బజారులో పేర్లు తెలియక మొదట్లో చాలామంది బంగాళాదుంపతోనే సరిపెట్టుకుంటారు. జహ్ని అంటే బీరకాయ, లాఉ అంటే ఆనపకాయ, కుందురి అంటే దొండకాయ, కాంకడ అంటే బోడకాకర, సజనా శాగ అంటే మునగాకు, కొళథ అంటే ఉలవలు. ఈ ఆరు పేర్లు వస్తే సంచి రంగు మారిపోతుంది.

కొరాపుట్, రాయగడ వైపు వెళ్లినవారికి సంతలో మండియా, అంటే మన చోళ్లు (రాగులు), విరివిగా దొరుకుతుంది. చోడి అంబలి తాగితే వెంటనే సన్నబడతామనుకోవడం పొరపాటు. క్యాలరీల్లో అది బియ్యానికి పెద్దగా తీసిపోదు. అయితే పీచు ఎక్కువ కనుక ఆకలి ఆలస్యంగా వేస్తుంది, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కూడా ఉంటుంది. బెల్లం కలపకుండా మజ్జిగతో తాగితేనే ఆ లాభం నిలుస్తుంది.

ఇరుగుపొరుగువారు "ఖాఇలేణి?" అని పలకరించి, భోజనం అయిందని చెప్పినా ఛెనాపోడ (విరిగిన పాలతో కాల్చి చేసే మిఠాయి) ముక్క చేతిలో పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారు. "టికే దిఅంతు", అంటే కొంచెమే ఇవ్వండి అనే మాట నేర్చుకుంటే మర్యాదా దక్కుతుంది, ముక్కా చిన్నదవుతుంది. టీ కొట్టు దగ్గర "చిని కమ్", అంటే చక్కెర తక్కువ, అనడం ఇంకా సులువు. రోజుకు నాలుగు టీలు తాగేవారికి తేడా అక్కడే ఎక్కువ కనబడుతుంది.

నడక విషయానికి వస్తే వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవాలి. గంజాం తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోత భరించలేనిది కనుక ఉదయం ఏడులోపే ముగించడం మంచిది. గోపాలపురం ఇసుకలో నడిస్తే పిక్కలకు మంచి పని దొరుకుతుంది, కాని అక్కడి అలలు బలమైనవి కనుక నీళ్లలోకి దిగకూడదు. తారాతారిణి కొండకు 999 మెట్లున్నాయి; నెలకొకసారి ఎక్కేవారు నా మిత్రుల్లో ఉన్నారు, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి మాత్రం రోప్‌వే ఉంది. వీటితోపాటు వారానికి రెండు రోజులు కండకు పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడను ఆనుకొని తోయడం వంటివి అద్దె ఇంటి వరండాలోనూ కుదురుతాయి.

బరువు వారానికి ఒక్కసారే, ఉదయం ఏమీ తినకముందు చూసుకోవాలి. ఉప్పు, నీరు కారణంగానే ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావడం మామూలే, కనుక ఒక్క రోజు అంకెను చూసి భోజనం మానకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు ఈ లెక్కలేవీ సొంతంగా అమలు చేయకూడదు. ఇలాంటివారు ముందు వైద్యుణ్ణి కలవాలి, వెళ్లేటప్పుడు మన ఊళ్లో రాసిచ్చిన పాత మందుల చీటీ వెంట తీసుకువెళ్లాలి.