దసరా సెలవుల్లో చైనా యాత్ర: బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

దసరా సెలవుల్లో చైనా చూసి రావాలనుకునే కుటుంబాలు టికెట్లు కొనే ముందు అక్కడి సెలవుల పట్టిక చూసుకోవాలి. అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం, ఆ రోజు మొదలుకొని వారం పాటు దేశమంతా సెలవే. 2025లో విజయదశమి అక్టోబరు 2న రావడంతో మన సెలవులూ వాళ్ల సెలవులూ కలిసిపోయాయి. ఆ వారంలో బాదాలింగ్ దగ్గర చైనా గోడ మీద అడుగు తీసి అడుగు వేయడం కష్టం, హోటళ్ల అద్దెలు పెరుగుతాయి, రైలు టికెట్లు దొరకవు. చిన్న పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారు ఆ వారాన్ని పూర్తిగా వదులుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అక్టోబరు రెండో వారం దాటాక బీజింగ్ ఆకాశం తేటగా ఉంటుంది, సిచువాన్ రాష్ట్రంలోని జియుజైగౌ లోయలో ఆకులు రంగు మారుతాయి, జనమూ పలచబడతారు. చైనా నూతన సంవత్సరం చుట్టూ ఉండే 40 రోజుల ప్రయాణాల రద్దీ విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా వీసా తీసుకునే వెళ్లాలి. దారిలో 240 గంటలు వీసా లేకుండా ఆగే వెసులుబాటు భారతీయులకు లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న తెలుగువారికి ఉంది గానీ, వాళ్లు చైనా నుంచి మూడో దేశానికి, అంటే వచ్చిన దేశం కాక మరో దేశానికి, వెళ్తున్నట్లు టికెట్టు చూపాలి. అమెరికా నుంచి హైదరాబాదు వస్తూ మధ్యలో షాంఘై చూడాలనుకునే కుటుంబంలో కొడుకుది అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టు అయితే, తల్లిదండ్రులకు వీసా తప్పదన్న సంగతిని ముందే గుర్తించాలి.

పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో రైలు టికెట్టులోనూ, దర్శనీయ స్థలాల టికెట్లలోనూ అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లు పొడవు, పేర్లలో రెండు మూడు భాగాలు ఉంటాయి, కనుక ఇంటిపేరును పొడి అక్షరాలకు కుదించకుండా, పాస్‌పోర్టును ఎదురుగా పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూస్తూ నింపాలి. బీజింగ్‌లోని రాజప్రాసాద మ్యూజియం టికెట్లు ఏడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఇస్తారు, రద్దీ రోజుల్లో అవి త్వరగా అయిపోతాయి. మామూలుగా సోమవారం ఆ మ్యూజియానికి సెలవు.

అక్కడ డబ్బు చెల్లింపు దాదాపు అంతా ఫోన్ మీదే నడుస్తుంది. అందుకే అక్కడి చెల్లింపు యాప్‌లు అలీపే, వీచాట్ రెండింటినీ ఇంట్లో ఉండగానే ఫోన్‌లో పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలతో ధ్రువీకరణ పూర్తిచేసి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ కార్డును జోడించుకోవాలి. కార్డుకు విదేశీ లావాదేవీల అనుమతి ఉందో లేదో బ్యాంకులో కనుక్కోవాలి. ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ తీసుకోకుండా విమానం ఎక్కకూడదు. పైగా హోటల్ వైఫైలో పనిచేయని వాట్సాప్, గూగుల్ సాధారణంగా మన సిమ్ రోమింగ్ మీద పనిచేస్తాయి. గూగుల్ మ్యాప్స్ మాత్రం అక్కడ దారి సరిగా చూపదు, దాని బదులు చైనా మ్యాప్ యాప్ అమాప్ వాడాలి. ఫోన్ ఆగిపోతే ఇబ్బంది పడకుండా కొంత యువాన్ నగదు, హోటల్ చిరునామా చైనా లిపిలో రాసిన కాగితం జేబులో ఉంచుకోవాలి.

పవర్ బ్యాంకు విషయంలో చాలామంది పొరపడతారు. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో త్రీసీ (చైనా భద్రతా ధ్రువీకరణ) ముద్ర లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. హైదరాబాదులో ఎవరూ అడ్డుచెప్పని పవర్ బ్యాంకును బీజింగ్ నుంచి షియాన్ వెళ్లే విమానం దగ్గర తనిఖీలో వదిలేయవలసి రావచ్చు. రైల్వే స్టేషన్లలోనూ సామాను తనిఖీ ఉంటుంది, పండ్లు కోసుకునే చాకును కూడా తీసేసుకుంటారు. పండ్లు, మాంసం, పాల ఉత్పత్తులు దేశంలోకి తేవడం నిషిద్ధం కనుక మాంసం పచ్చళ్లను, నెయ్యిని ఇంట్లోనే వదిలి వెళ్లడం క్షేమం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎత్తు. మన తూర్పు కనుమల్లో అతి ఎత్తయిన శిఖరాలు సైతం 1,700 మీటర్లు దాటవు. చైనాలో యునాన్ రాష్ట్రంలోని లిజియాంగ్ పట్టణమే దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడి జేడ్ డ్రాగన్ మంచుకొండ మీదికి వెళ్లే రోప్‌వే మనిషిని ఒక్క పూటలో 4,506 మీటర్లకు చేరుస్తుంది. శరీరం అలవాటుపడే వ్యవధి లేకుండా అంత ఎత్తుకు వెళితే తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి, వాటిని పట్టించుకోకుండా పైనే ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది. లిజియాంగ్‌లో కనీసం ఒకటి రెండు రోజులు తేలికగా గడిపి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. ఒంట్లో తేడా తెలియగానే, కొన్న టికెట్టు వృథా అవుతుందని చూడకుండా కిందికి దిగాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు బయలుదేరే ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. 3,650 మీటర్ల ఎత్తున ఉన్న లాసాకు వెళ్లాలంటే చైనా వీసాతో పాటు ట్రావెల్ ఏజెన్సీ ద్వారా ప్రత్యేక టిబెట్ అనుమతి కూడా తీసుకోవాలి. మందులను అసలు ప్యాకింగ్‌లోనే, వైద్యుడి చీటీతో సహా తీసుకెళ్లాలి.

శాకాహారులు మాంసం, చేపలు, గుడ్లు, పంది కొవ్వు తినరని చైనా లిపిలో రాయించిన కార్డును వెంట ఉంచుకోవాలి, ఎందుకంటే కూరగాయలను పంది కొవ్వులో వేయించడం అక్కడ మామూలే. కుళాయి నీళ్లు తాగకూడదు, కాచినవో సీసా నీళ్లో తాగాలి.

హోటల్‌లో దిగితే పోలీసు నమోదును వాళ్లే చూసుకుంటారు. చదువుకో ఉద్యోగానికో అక్కడ ఉంటున్న బంధువుల ఇంట్లో దిగేవారు మాత్రం 24 గంటల్లోగా ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. అత్యవసరంలో పోలీసులకు 110, అంబులెన్సుకు 120, అగ్నిమాపక దళానికి 119 నంబర్లు.