జపాన్‌లో భోజనం, 5వ పాఠం: పెనం మీదే తినడం

ముందు గత పాఠం ప్రశ్నకు జవాబు. రామెన్ గిన్నెలో నూడుల్స్ అయిపోయి చారు మిగిలితే, మరోసారి నూడుల్స్ వేయమనడానికి వాడే మాట ‘కయెదమా’. సరిగ్గా పలకగలిగితే ఈ పాఠంలోకి రండి.

గత పాఠంలోని రామెన్ దుకాణంలో యంత్రం మీద మీట నొక్కి టికెట్టు తీసుకుంటే సరిపోయింది, నోరు విప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు. ఈసారి వంట చేసేవారు చేయి చాస్తే అందేంత దూరంలో నిలబడి, మిమ్మల్నే చూస్తూ రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు. పైగా అడిగితే తప్ప కంచం పెట్టరు. పెనం మీదే తినాలి.

మనం వెళ్తున్నది హిరోషిమాలో పది పన్నెండు కుర్చీలున్న ఒక ఒకోనోమియాకి దుకాణానికి. ‘ఒకోనోమి’ అంటే మీకు నచ్చినది, ‘యాకి’ అంటే కాల్చినది. ఒసాకా వాళ్లు పిండి, క్యాబేజీ, గుడ్డు అన్నీ ఒకే గిన్నెలో కలిపి ఊతప్పంలా మందంగా వేస్తారు. హిరోషిమాలో ఏదీ కలపరు. పొర మీద పొర పేర్చి, మధ్యలో నూడుల్స్ పెడతారు. బయటివాళ్లు దీన్ని ‘హిరోషిమాయాకి’ అంటారు కానీ, ఆ ఊళ్లో ఆ మాట అనకండి. వాళ్ల దృష్టిలో ఒకోనోమియాకి అంటే ఇదే.

యుద్ధానికి ముందు ఇది పిల్లల చిరుతిండి. పలచటి గోధుమ అట్టు మీద కాస్త ఉల్లికాడ చల్లి మడిచి ఇచ్చేవారు. పేరు ‘ఇస్సెన్ యోషోకు’, అంటే ఒక సెన్‌కు దొరికే దొరల తిండి. యెన్‌లో నూరో వంతు సెన్. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడ్డాక బియ్యానికి కరువొచ్చింది, అమెరికా గోధుమపిండి వచ్చింది. ఆ పిల్లల అట్టే క్యాబేజీతో, నూడుల్స్‌తో బరువెక్కి పెద్దల భోజనమైంది. ఆ ఊళ్లోని షింతెంచి ప్రాంతంలో బండ్ల మీద అమ్మినవాళ్ల వారసత్వమే ఇప్పటి ‘ఒకోనోమిమురా’. ఒకే భవనంలో మూడు అంతస్తుల్లో ఇరవైకి పైగా దుకాణాలు ఉంటాయి. ఊళ్లో చాలా బోర్డుల మీద పేరు చివర ‘చాన్’ కనిపిస్తుంది. చనువుగా పిలుచుకునే పేరు అది. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు ఇంటి ముందు పెనం పెట్టుకుని తమ పేరే బోర్డు మీద రాసుకున్నారని అక్కడ చెప్పుకుంటారు.

వరుసలో

లోపల కుర్చీ ఖాళీగా కనిపించినా వెళ్లి కూర్చోవద్దు. పిలిచేదాకా గుమ్మం బయటే నిలబడాలి. ‘నమ్మేసమా దెస్ కా?’ అని అడిగితే, ఎంతమంది అని అర్థం. ఒక్కరైతే ‘హితోరి దెస్’, ఇద్దరైతే ‘ఫుతారి దెస్’. మాట గుర్తు రాకపోతే వేళ్లు చూపించండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆరుగురు కలిసి వెళ్లి పక్కపక్కనే కూర్చోవాలని పట్టుబట్టకండి. ఇంత చిన్న చోట అది కుదిరే పని కాదు. పెద్ద సూట్‌కేసు ఉంటే స్టేషన్ లాకర్‌లో వదిలేసి రండి.

చెప్పడం

మొదటిసారి వెళ్లేవారు ఒక్క మాట నేర్చుకుంటే చాలు: ‘నికుతమ సోబా, ఒనెగైషిమస్’. ఒనెగైషిమస్ అంటే దయచేసి ఇవ్వండి అని. నికు అంటే మాంసం, ఇక్కడ పందిమాంసం. తమ అంటే తమగో, గుడ్డు. సోబా అనగానే జపాన్‌లో మామూలుగా గుర్తొచ్చేవి బక్‌వీట్ అనే గింజల పిండితో చేసే నూడుల్స్. ఈ పెనం మీద మాత్రం అవి గోధుమ నూడుల్సే. లావు నూడుల్స్ కావాలంటే ‘ఉదోన్’ అనండి.

శాకాహారులకు నిజం చెప్పాలి. ‘నికు నుకి’ అంటే మాంసం మానేస్తారు. కానీ అట్టు మీద మొదట చల్లేదే చేప పొడి. సాసులో మాంసం, ఆల్చిప్పల సారం ఉండడం మామూలు. పెనం అందరిదీ ఒకటే. గుడ్డు, చేప పట్టింపు లేనివారికి ఇబ్బంది లేదు. పట్టింపు ఉన్నవారు ఈ దుకాణాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. రద్దీ వేళ వంటావిడను నిలబెట్టి ఒక్కో దినుసూ ఆరా తీయడం ఆమెకూ బాధే, మీకూ బాధే.

చూడటం

పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఫోను లోపల పెట్టి చూడండి, ఎందుకంటే ఏ పొర ఎక్కడుందో తెలిస్తేనే తర్వాత కోయడం వస్తుంది. గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతో మనం దోసె తిప్పినట్టే తిప్పుతారు. చేప పొడి, దాని మీద గుప్పెళ్లకొద్దీ సన్నగా తరిగిన క్యాబేజీ, పొడవాటి పెసర మొలకలు, టెంపురా (జపాన్ బజ్జీలు) వేయించగా మిగిలిన పిండి పలుకులు, పైన పందిమాంసం పలచని ముక్కలు. ఈ గోపురం కూలుతుందేమోనని మనకు భయం వేస్తుంది. ఆవిడ రెండు అట్లకాడలు కిందికి తోసి ఒక్క ఊపులో తిరగేస్తుంది. ఇప్పుడు అట్టు మూతవుతుంది, దాని కింద క్యాబేజీ తన ఆవిరికి తానే మగ్గి సగానికి దిగుతుంది. పక్కన వేగుతున్న నూడుల్స్ మీదికి దీన్ని ఎక్కిస్తారు, పగలగొట్టి పరిచిన గుడ్డు మీదికి మళ్లీ ఎక్కిస్తారు, చివరగా ఇంకోసారి తిరగేస్తారు. కాబట్టి మీ ముందుకొచ్చేసరికి అడుగున అట్టు, పైన గుడ్డు ఉంటాయి. సాసు పూస్తారు. తియ్యదనానికి అందులో ఖర్జూరం కూడా వేస్తారు. అంచు జారి పెనం మీద పడ్డ సాసు చుయ్‌మని మాడి, ఆ వాసనకే సగం ఆకలి పెరుగుతుంది.

‘పెనం మీదా, పళ్లెంలోనా?’ అని అడగవచ్చు. ‘తెప్పన్ దె’ అనండి. తెప్పన్ అంటే ఆ పెనమే.

తినడం

ఇదే అసలు పాఠం. మీకిచ్చే చిన్న అట్లకాడను హిరోషిమాలో ‘హెరా’ అంటారు, ఒసాకాలో ‘కొతె’. పిజ్జాలా త్రికోణాలు కోయకండి, మొనలు విరిగి పొరలు జారిపోతాయి. అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పున పట్టీ కోయాలి. రంపంలా ఆడించకుండా నిలువుగా అదమండి. ఇనుముకు ఇనుము తగిలి టక్కుమనాలి. ఆ చప్పుడు రాకపోతే అడుగు అట్టు తెగలేదన్నమాట, ఎత్తగానే మొత్తం వెంట వస్తుంది. ఆ పట్టీని అడ్డంగా నోటికి సరిపడా కోసి, హెరాను కిందికి పోనిచ్చి ఎత్తి, ఊది, పళ్లతో అందుకోండి. పెదవులు లోహానికి తగలకూడదు.

నేను మొదటిసారి హెరాను పెనం మీదే పెట్టి ఫోటో తీసుకున్నాను. తర్వాత మూడు రోజులు కింది పెదవితో ‘ప’ పలకలేకపోయాను. వాడనప్పుడు హెరాను పెనం అవతల, బల్ల అంచున ఉంచండి. మోచేతులు కూడా వెనక్కి.

కోయని భాగాన్ని వేడి మీదే ఉండనివ్వండి. అడుగు మాడుతోందనిపిస్తే మీ వైపు అంచుకు లాక్కోండి, అక్కడ వేడి తక్కువ. చివరి ముక్క కూడా వేడిగా తినగలగడమే ఈ పద్ధతిలోని సుఖం. పళ్లెం అడిగితే తప్పు లేదు, పిల్లలకు అదే నయం. కానీ పళ్లెంలో సగానికి వచ్చేసరికి అది చల్లారిన నూడుల్స్ అట్టు.

తిన్నాక కబుర్లు బయట చెప్పుకోండి. ‘గొచిసోసమ దెషిత’ (భోజనానికి కృతజ్ఞతలు) అని లేచి, డబ్బు చేతికి కాకుండా అక్కడున్న చిన్న పళ్లెంలో పెట్టండి. కార్డు తీసుకోని చిన్న దుకాణాలు చాలా ఉన్నాయి, నోట్లు ఉంచుకోండి. టిప్పు ఇవ్వకూడదు.

అభ్యాసం: ఉల్లిపాయలు దండిగా వేసి ఒక మందపాటి ఊతప్పం పోసుకోండి. పెనం చల్లారాక, అట్లకాడతో రెండు వేళ్ల పట్టీలుగా కోసి, చేయి పెట్టకుండా తినండి. టక్కు చప్పుడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

వచ్చే పాఠం ఒసాకాలో. అక్కడ కొన్ని దుకాణాల్లో పిండి గిన్నె మీ చేతికే ఇచ్చి వేసుకోమంటారు. ఈలోగా ఒక ప్రశ్న: హిరోషిమా వంటావిడ తిరగేశాక అట్లకాడతో గట్టిగా అదుముతుంది, ఒసాకాలో అలా అదిమితే పక్కవాళ్లు కంగారుగా వద్దంటారు. ఎందుకు?