మేపుల్ రకాలను పోల్చుకోవాలంటే ముందు ఆకు కాడ తుంచండి

ఒక వేసవి అంతా నేను ఒక చెట్టును షుగర్ మేపుల్ అని నోటుబుక్‌లో రాసుకుంటూ వచ్చాను. ఐదు తమ్మెల (చీలిన భాగాల) ఆకు, మొనదేలిన కొసలు, అచ్చం కెనడా జెండా మీద ఉన్నట్టే. ఒకరోజు ఆకు కాడ తుంచితే జిల్లేడులా పాలు కారాయి. అది నార్వే మేపుల్! షుగర్ మేపుల్ కాడలో నీళ్లలాంటి రసమే ఉంటుంది. అప్పటి నుంచి ఆకు రూపం ఒక్కటే చూసి పేరు పెట్టడం మానేశాను.

అసలు అది మేపులేనా అన్నది ముందు తేల్చుకోండి. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉండాలి. స్వీట్‌గమ్ ఆకు, ప్లేన్ చెట్టు ఆకు చూడటానికి మేపుల్‌లాగే ఉంటాయి కానీ, జంటలుగా కాకుండా కొమ్మ మీద ఒకదాని తర్వాత ఒకటి, అటొకటి ఇటొకటిగా వస్తాయి.

తర్వాత ఆకు అంచు, తమ్మెల మధ్య గాడి చూడండి. షుగర్ మేపుల్‌లో గాడి గుండ్రంగా ఉంటుంది, అంచు నున్నగా సాగి అక్కడక్కడా మొన తేలుతుంది. రెడ్ మేపుల్ అంచు చిన్న రంపంలా ఉంటుంది, గాడి కోసుగా దిగుతుంది, తమ్మెలు ఎక్కువగా మూడే. సిల్వర్ మేపుల్ ఆకు లోతుగా చీలి ఉంటుంది, తిరగేస్తే వెండిలా తెల్లగా కనిపిస్తుంది. రెడ్ మేపుల్ ఆకు అడుగు కూడా కాస్త తెలుపే కాబట్టి రంగు ఒక్కటే నమ్మకండి, చీలిక లోతు చూడండి. ఈ రెండింటి సంకరం ఫ్రీమన్ మేపుల్ ఎదురైతే లక్షణాలు అటూ ఇటూ కలిసే ఉంటాయి. అలాంటప్పుడు బలవంతంగా ఒక పేరు అంటగట్టకుండా చూసింది చూసినట్టు రాసుకోవడమే మంచిది.

బాక్స్ ఎల్డర్ అనే మేపుల్ మాత్రం తమ్మెల లెక్కకే రాదు. ఒక్కో ఆకులో మూడు నుంచి ఏడు చిన్నాకులుంటాయి. మేపుల్ అని నమ్మలేకపోతే కాయ చూడండి, మిగతా మేపుల్‌లకున్నట్టే రెక్కల జంట.

కాయలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గిరగిరా తిరుగుతూ రాలే ఆ రెక్కలు ఆకుకంటే నిజాయితీగా పేరు చెబుతాయి. నార్వే మేపుల్‌లో రెండు రెక్కలూ చేతులు బార్లా చాపినట్టు దాదాపు ఒకే గీతలో ఉంటాయి. షుగర్ మేపుల్‌లో గుర్రపు లాడంలా కిందకు వంగుతాయి. కాలం కూడా గమనించండి: రెడ్, సిల్వర్ మేపుల్ కాయలు వసంతం చివర్లోనే రాలిపోతాయి, షుగర్, నార్వే కాయలు శరదృతువు దాకా ఆగుతాయి.

బెరడు ముదురు చెట్టుదే చూడాలి, లేత చెట్లు ఎక్కువగా నున్నగానే ఉంటాయి. నార్వే బెరడు మీద సన్నటి గాడులు వలలా అల్లుకుని ఉంటాయి, పెచ్చులు ఊడవు. ముసలి షుగర్ మేపుల్ పెచ్చులు ఒక పక్క లేచి నిలబడతాయి. ఆకుపచ్చ బెరడు మీద తెల్లటి నిలువు చారలుంటే స్ట్రైప్డ్ మేపుల్ కావచ్చు. దాల్చినచెక్క రంగు బెరడు కాగితంలా చుట్టుకుంటూ ఊడుతూ, ఆకులో మూడు చిన్నాకులుంటే చైనా నుంచి వచ్చిన పేపర్‌బార్క్ మేపుల్.

ఆకులు రాలిపోయాక కొమ్మ చివరి మొగ్గ చూడండి. షుగర్ మేపుల్‌ది గోధుమ రంగులో సూదిగా, రెడ్ మేపుల్‌ది ఎర్రగా మొద్దుగా, నార్వేది లావుగా ఉంటుంది.