ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ కాకపోతే: స్టార్టర్ డబ్బా తెరిచే ముందు జాగ్రత్తలు

దేవరకొండ వైపు బోరు మోటార్ వేడెక్కి కాలిపోతున్నా ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంటు లాగితే దాన్ని ఆపేసే భాగం) ట్రిప్ కాలేదంటే, వైండింగ్ ఖర్చు ఒక్కటే కాదు, ప్రాణం సంగతి కూడా చూసుకోవాలి.

• ముందు ఆటో స్టార్టర్‌ను ఆఫ్ చేయండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అంటున్నారు కాబట్టి, పోయిన కరెంటు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. చేయి లోపల ఉండగా మోటార్ స్టార్ట్ కాకూడదు.

• మెయిన్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో పెట్టుకోండి. మూడు ఫేజులనూ మీటర్‌తో చూడండి, టెస్టర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. కెపాసిటర్ ఉంటే అందులో చార్జ్ మిగిలి ఉంటుంది, అది పోయాకే ముట్టుకోండి.

• తడి మడిలో నిలబడి పని చేయొద్దు. పొడి చెక్క, రబ్బరు చెప్పులు, పక్కన ఒక మనిషి.

• ట్రాన్స్‌ఫార్మర్ జోలికి అసలు పోవద్దు. లైన్‌మన్‌ను పిలవండి, ఎంత ఆలస్యమైనా సరే.

ఇక రిలే. మోటార్ ప్లేటు మీది ఆంపియర్లు రాసుకోండి. డీవోఎల్ స్టార్టర్‌లో (మోటార్‌ను నేరుగా లైనుకు కలిపేది) రిలే డయల్ ఆ అంకె దగ్గరే ఉండాలి. స్టార్ డెల్టాలో (తక్కువ కరెంటుతో మొదలుపెట్టి తర్వాత పూర్తి కరెంటుకు మార్చే స్టార్టర్) మాత్రం రిలే ఫేజు వైరులో ఉంటే అందులో 58 శాతం. చాలా చోట్ల మాటిమాటికీ పడుతోందని డయల్ పైకి తిప్పేసి ఉంటారు, తప్పు అక్కడే దొరుకుతుంది. కొందరు రిలే మీది 95, 96 టెర్మినళ్లను (ట్రిప్ అయినప్పుడు తెరుచుకుని మోటార్‌ను ఆపేవి) వైరుతో కలిపేస్తారు. అది కనిపిస్తే వెంటనే తీసేయండి.

టెస్ట్ బటన్ నొక్కితే రిలే పడి, కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపి, విడదీసే స్విచ్) మాత్రం విడవకపోతే, పాయింట్లు అతుక్కున్నాయని అనుమానించండి. అప్పుడు రిలే మార్చినా లాభం లేదు.